మా వంటింట్లో ఉపాధ్యక్షుడి ఆఫీసు

పోయిన వారం ఆంటీ కూతురు ఫోన్ చేసింది. సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళిందట, అక్కణ్ణుంచే చేసింది. ఇక్కడి వానల గురించి అడిగింది, మా అమ్మాయి బడి గురించి అడిగింది, నేను కొత్తగా కొన్న కుక్కర్ గురించి కూడా అడిగింది. అంతా అయ్యాక, "అమ్మ ఇచ్చిన బూడిద ఇంకా నీ దగ్గర ఉందా?" అంది. వంటింట్లో అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు, నాకూ ఆ మాటే అలవాటైంది. ఆ ప్రెస్ తలుపు తీసి, పసుపు డబ్బా వెనక, చింతపండు వెనక చెయ్యి పెట్టి చూస్తే జామ్ సీసా తగిలింది. అడుగున వేలెడు మందాన బూడిద. జునిపెర్ అనే చెట్టు ఆకు కాల్చి జల్లెడ పట్టింది. మా అమ్మాయి పక్కనుంచి తొంగిచూసి, "మ్యామీ, దట్స్ జస్ట్ డర్ట్, లైక్" అంది. నేను తెలుగులో తిట్టాను, అది ఇంగ్లిష్‌లో నవ్వింది. "ఉంది" అన్నాను ఫోన్లో. "అయితే ఉంచుకో" అంది ఆంటీ కూతురు, పెట్టేసింది. ఆ మాటలో ఏముందో నాకు అక్కడికక్కడే తెలిసింది. మీకు చివర్న చెప్తాను. విషయం ముందే బయట పెట్టేయడం ఆంటీ దగ్గర మర్యాద కాదు. ముందు వరుస కలపాలి, ఆ తర్వాతే విషయం.

నేను ఈ ఐర్లాండ్ దేశం వచ్చిన తొలి ఏడాది అది. డండాక్‌లో కాలేజీ, డ్రోహెడాలో అద్దె గది, మధ్యలో రైలు. క్లాసులు మొదలై కాస్త కుదురుకునేసరికి కరోనా వచ్చి కాలేజీ మూతపడింది, చదువు మొత్తం లాప్‌టాప్‌లోకి వచ్చి కూర్చుంది. ఇల్లు నోరీన్‌ది. డెబ్బై దాటిన మనిషి, ఎర్రటి బుగ్గలు, మోకాళ్ళ నొప్పి, ఏమడిగినా "గ్రాండ్", అంటే అంతా బాగే, అనే జవాబు. ఇల్లు కారుతోంది అంటే గ్రాండ్, నాకు జ్వరమొచ్చింది అంటే "యూ విల్ బి గ్రాండ్". పెద్ద వయసు వాళ్ళు గడప దాటొద్దని ప్రభుత్వం చెప్పింది కాబట్టి సరుకులు నేనే తెచ్చేదాన్ని. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికి అని అడిగితే సంచి చూపించేదాన్ని. మొదటి నెల నోరీన్‌ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మా కరీంనగర్ వైపు పల్లెలో నాకంటే ఒక్క ఏడాది పెద్దదాన్ని కూడా ఉత్త పేరుతో పిలిస్తే మా అవ్వ వీపు మీద ఒకటిచ్చేది. ఊరంతా అత్త, మామ, చిన్నమ్మ, కాక. కులం ఏదైనా వరుస మాత్రం ఉండి తీరాలి. ఇక్కడ డెబ్బై దాటిన మనిషి కూడా ఉత్త నోరీనే. నేను "అవునండీ, కాదండీ" అనడానికి ఇంగ్లిష్‌లో ఏమీ దొరక్క దగ్గి ఊరుకునేదాన్ని.

ఆంటీ ఆ ఇంటికి వచ్చింది మార్చిలో. ఆమె కూతురు డ్రోహెడా ఆస్పత్రిలో నర్సు, నోరీన్ మేనల్లుణ్ణి పెళ్ళి చేసుకుంది. కూతురి కాన్పు సెలవు అయిపోతే మనవణ్ణి చూసుకోవడానికి అంత దూరం, అమెరికా నుంచి వచ్చింది ఆంటీ. రాగానే తలుపులు మూతపడ్డాయి. కూతురికి డ్యూటీ తప్పలేదు, ఆంటీకేమో పాత ఉబ్బసం. ఇప్పట్లో విమానం ఎక్కొద్దని జీపీ, అంటే ఇక్కడి డాక్టరు, చెప్పాడు, ఆస్పత్రి నుంచి వచ్చే మనిషితో ఒక ఇంట్లో ఉండొద్దనీ చెప్పాడు. మనవడు నాలుగు వీధుల అవతల ఉన్నాడు, ఆంటీ మా ఇంట్లో వెనక గదిలో దిగింది. సాయంత్రాలు కూతురు పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి కిటికీ అవతల నిలబడేది. ఆంటీ అద్దం మీద వేలు పెట్టి ఏదో పాడేది. కూతురు వెళ్ళాక ఆ అద్దం తుడవనిచ్చేది కాదు.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి తెల్లటి ఊలు దారంతో ముడి వేసేది. చేతికి నీలిరాయి కడియం. నన్ను చూసిన మొదటి రోజే, "మీవాళ్ళెవరు?" అని అడిగింది. ఇండియా అన్నాను. "అది దేశం. మీవాళ్ళెవరు అని అడిగాను" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ దేశంలో అడుగు పెట్టాక నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. మాకు ఇంటిపేర్లుంటాయి, ఊళ్ళో అందరినీ వరుస పెట్టి పిలుస్తాం అని చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది. వాళ్ళు నవాహోలు, అమెరికాలో మూలవాసులు. వాళ్ళల్లో మనిషి తన గురించి చెప్పుకోవాలంటే మొదట తల్లి వంశం చెప్పాలి, తర్వాత తండ్రిది, తర్వాత తల్లి తండ్రిది, తర్వాత తండ్రి తండ్రిది. ఆంటీ చేదునీళ్ళ వంశం మనిషి. తల్లి చెల్లెల్ని వాళ్ళూ చిన్నమ్మ అనే అర్థం వచ్చేలా పిలుస్తారట. నేను కుర్చీలోంచి లేచాను. "మేమూ అంతే" అని అరిచేశాను. నోరీన్ పక్క గదిలోంచి ఏమైందని వచ్చింది. వచ్చిందాన్ని కూర్చోబెట్టి ఆమె వంశం కూడా అడిగింది ఆంటీ. పాపం నోరీన్, "మా నాన్న రైల్వేలో చేసేవాడు" అంది.

నవాహోలకు సొంత ప్రభుత్వం ఉంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సభ, కోర్టు, పోలీసులు, అన్నీ. ఆంటీ పని ఉపాధ్యక్షుడి ఆఫీసులో. ఆ ఆఫీసు కూడా మూతపడి, అందరూ ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు కనుక ఆంటీ "ఇల్లు" డ్రోహెడా అయింది. మధ్యాహ్నం మూడింటికి అక్కడ తెల్లారి ఆఫీసు వేళ అవుతుంది. సరిగ్గా అప్పుడు నోరీన్ టీ పెట్టుకునేది, ఆంటీ నల్ల కాఫీ పోసుకుని లాప్‌టాప్ తెరిచేది, మా ఊళ్ళో బాపు, అంటే మా నాన్న, బువ్వ తిని చెయ్యి కడుక్కుని నాకు ఫోన్ చేసేవాడు. ఒకే బల్ల మీద ఒకరి పొద్దున, ఒకరి మధ్యాహ్నం, ఒకరి రాత్రి. బల్ల మీద నోరీన్ కాల్చిన స్కోన్లు అనే చిన్న రొట్టెల వెన్న వాసన, నా పోపు వాసన, ఆంటీ గంజి వాసన కలిసిపోయేవి. ఆమె గంజి నీలం రంగు మక్కపిండితో చేసేది. సంచి వెంట తెచ్చుకుంది. నీళ్ళు మరుగుతుంటే చిటికెడు బూడిద వేసి, పిండి పోసి, కర్రతో తిప్పి తిప్పి దించేది. మా అవ్వ చేసే మక్క గట్క అచ్చం అదే, రంగు తప్ప. నేను పచ్చిమిర్చి తొక్కు నంజుకుని తింటుంటే ఆంటీ తనకూ కాస్త పెట్టమంది, కళ్ళ నీళ్ళు కారుతున్నా మళ్ళీ పెట్టమంది. ఒకసారి నోరీన్ ఆ బూడిద సీసా చూసి పొయ్యిలోని మసి అనుకుని చెత్తబుట్టలో వెయ్యబోయింది. ఆ రోజు మాత్రం ఆంటీ గొంతు పెరిగింది.

ఉపాధ్యక్షుడి ఆఫీసు అంటే నేను పెద్ద గొప్పగా ఏమీ అనుకోలేదు, నిజం చెప్పాలి. మా బాపు ఉపసర్పంచ్. ఆ పదవి సంగతి నాకు బాగా తెలుసు. చెక్కు మీద సర్పంచ్ సంతకం పక్కన ఇంకో సంతకం, ఆగస్టు పదిహేనున జెండా దగ్గర రెండో కుర్చీ. దానికే మా బాపు ఇస్త్రీ చొక్కాలు కుట్టించుకుని, ఎవరింటికి పోయినా "నేను ఉపసర్పంచ్‌ని" అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. ఆంటీ పని రెండు రోజులు పక్కన కూర్చుని విన్నాక నోరు మూసుకున్నాను. అక్కడ దూరాలు మనం ఊహించేవి కావు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మట్టిరోడ్డు, చాలా ఇళ్ళకు నల్లా లేదు, పీపాల్లో నీళ్ళు తెచ్చుకోవాలి. చేతులు కడుక్కోండి అని ప్రపంచమంతా చెప్తుంటే వాళ్ళు దేనితో కడుక్కుంటారు? వాళ్ళ ఉపాధ్యక్షుడు మాస్కు పెట్టుకుని ట్రక్కు మీంచి నీళ్ళ డబ్బాలు, పిండి మూటలు దించుతున్న వీడియో ఆంటీ చూపించింది. రెండో కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి మూట మోస్తున్నాడు. నాకు ఆ పెద్దమనిషి తెగ నచ్చేశాడు. ఆ ట్రక్కు ఏ దారిన పోవాలో, ఏ ముసలమ్మ ఇల్లు ఏ దిబ్బ వెనక ఉందో చెప్పే గొంతుల్లో ఒకటి మాత్రం మా వంటింట్లో, నా పోపు డబ్బా పక్కన ఉండేది.

ఆమె ఫోన్ ఎత్తే తీరు నేను జీవితంలో మరిచిపోను. మాటలు వాళ్ళ భాషలో నడిచేవి, ఫోన్ పెట్టాక నాకు ఇంగ్లిష్‌లో చెప్పేది. ముందు తన వంశాలు నాలుగూ చెప్పేది. అవతలి మనిషి వాళ్ళవి చెప్పేది. ఎక్కడో ఒక చోట కలిసేది. కలవగానే ఆంటీ ముఖం విచ్చుకునేది, ఆ క్షణం నుంచి ఆ మనిషి అక్కో, చిన్నమ్మో, తాతో. ఆ తర్వాత గొర్రెలు, వాన, మనవలు. ఇంత తతంగం అవసరమా, అవతల లైన్లో ఇంకా ఎంతమంది ఉన్నారో అని నాకు చిరాకు. "నీళ్ళు అయిపోయాయా అని ఒక్క ముక్క అడిగితే పోలా ఆంటీ?" అన్నాను. ఆమె కాఫీ తాగి, "అయిపోయాయి అన్న మాట నేనెందుకు వాళ్ళ ఇంట్లో పడేయాలి?" అంది. ఆమె అడిగే తీరు వేరు. ట్రక్కు రేపు అటు వస్తోంది, నీ పీపాలు ఎక్కడ దించమంటావు? అంతే. ఒంట్లో ఎలా ఉందని అడిగేది కాదు. గొర్రెల వెంట ఎంతదాకా నడిచావు అని అడిగేది. ఒక ముసలమ్మ ఒకనాడు దిబ్బదాకా అంది, మర్నాడు దొడ్డిదాకా అంది, ఆ మర్నాడు గుమ్మందాకా అంది. ఆంటీ ఫోన్ పెట్టి, వెంటనే ఇంకో నంబరు కలిపి, నర్సుల బండిని అటు పంపమంది. జబ్బు పేరు రెండు వైపులా ఎవరూ ఎత్తలేదు.

చెడు మాట నోటితో అంటే అది విని వస్తుందని వాళ్ళ నమ్మకం. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే మా అవ్వదీ అదే మాట. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "పోత" అంటే చీపురు తిరగేసేది. "పోయొస్త అనవే మొద్దూ, పైన తథాస్తు దేవతలుంటరు" అనేది. దీపం ఆరింది అనొద్దు, కొండెక్కింది అనాలి. చదువుకున్న దాన్నని నేను అవన్నీ వదిలేశాను. ఆంటీ మాత్రం పెద్ద ఆఫీసులో కూర్చుని, జీతం తీసుకుని, వాటితోనే పని నడిపిస్తోంది. నోరీన్‌తో మాత్రం ఆమెకు తిప్పలు వచ్చాయి. ఇక్కడ లోకల్ రేడియోలో పొద్దున్నే ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. నోరీన్‌కి అది లేనిదే టిఫిన్ దిగదు. పేరు వినపడగానే "అయ్యో, ఆమె చెల్లెలు మాతో చదివింది" అని సిలువ గీసుకునేది. రేడియో మొదలవగానే ఆంటీ కప్పు తీసుకుని పెరట్లోకి నడిచేది, చలైనా సరే. కొన్నాళ్ళు చూసి నోరీన్ రేడియో పట్టుకుని తన పడకగదిలోకి పోయింది, తలుపు వేసుకుని వినేది. ఇద్దరూ ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నోరీన్ ఇంకో పని కూడా చేసింది. ఒకప్పుడు ఐర్లాండ్ కరువులో అల్లాడుతుంటే అమెరికా మూలవాసులు తమకే లేని రోజుల్లో చందా పంపారు. అది గుర్తుపెట్టుకుని ఐరిష్ వాళ్ళు ఇప్పుడు నవాహోలకు సాయం పంపుతున్నారని విని, తనూ పంపింది. పంపి, ఆంటీ ముందు నిలబడి మొహమాటంగా "అప్పట్లో మీరు చేసిన మేలుకి" అంది. ఆంటీ ఆమె చెయ్యి పట్టుకోబోయి, కరోనా గుర్తొచ్చి ఆగి, మోచెయ్యి తాకించింది. "అది మేం కాదు నోరీన్, వేరే తెగ. ఈసారికి మాత్రం నీ పొరపాటు దిద్దను" అంది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

జూలైలో మా ఊళ్ళో నాట్లు మొదలయ్యే వేళకు బాపు ఫోన్లో గొంతు మారింది. సర్పంచ్‌కి జబ్బు చేసి కరీంనగర్‌లో ఉన్నాడు. ఊరు బాపు నెత్తిన పడింది. ఇన్నాళ్ళూ రెండో కుర్చీ అని ఎగతాళి చేసిన నాకు కూడా భయం వేసింది. మల్లయ్య మామకు కరోనా అని ఆశ కార్యకర్త వచ్చి బాపుకు చెప్పింది. మల్లయ్య మామ బాపుకు చిన్ననాటి జోడీ, మా మేనత్త వరుస అయ్యే లచ్చత్త మొగుడు. బాపు ఏం చేశాడో తెలుసా? నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి మైకు అందుకున్నాడు. "మల్లయ్య ఇంటికి ఎవ్వలు పోవద్దు, ఆయినెకు కరోనా అంటుకున్నది, పోయినోళ్ళు సస్తరు" అని ఊరంతా మోగించాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఇంతకాలానికి మైకు చేతికొచ్చింది, ఆ మైకులో మొట్టమొదట చదివింది బావ పేరు. తెల్లారేసరికి పాలు పోసేటోడు ఆ గుమ్మం ఎక్కలేదు, బోరింగ్ దగ్గర లచ్చత్త బిందెను పక్కకు జరిపారు. మల్లయ్య మామ తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. ఆంబులెన్స్ వస్తే తియ్యలేదు. "నా పేరు మైకుల జెప్పినోనికి నా మొఖం సూపియ్య, ఈడనే ఉంట" అన్నాడట కిటికీలోంచి.

"చెప్తె ఇంటలేడు బిడ్డా. రాత్రంత దగ్గుతున్నడంట. లచ్చక్క ఏడుస్తున్నది" అన్నాడు బాపు. నేను తిట్టాను. బల్ల గుద్ది తిట్టాను. "నీకు మైకిచ్చినోణ్ణి అనాలె! పేరు చెప్తరా బాపూ ఎవరన్నా? నువ్వు ఉపసర్పంచ్ కాకపోతే మామ ఎప్పుడో ఆస్పత్రిల ఉంటుండె" అన్నాను. ఆంటీకి తెలుగు రాదు, కోపం మాత్రం ఏ భాషలోనైనా తెలుస్తుంది. కాల్స్ మధ్యలో హెడ్‌ఫోన్ మెడ మీదకి దించి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె మొదట అడిగింది జబ్బు సంగతి కాదు. "ఆయన మీ నాన్నకు ఏమవుతాడు?" అంది. బావ అన్నాను. "మీ నాన్న ఆయనతో బావగా మాట్లాడాడా, ఆఫీసుగా మాట్లాడాడా?" అంది. బాపును లైన్లో ఉంచమంది. ఆమె ఇంగ్లిష్, మధ్యలో నేను, అటు బాపు. "ఆయన గుమ్మం ముందు దూరంగా కూర్చో. ఎంతసేపైనా కూర్చో. మీరెట్లా చుట్టాలో అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఆ జబ్బు పేరు నీ నోట రానివ్వకు. పోయేదాని గురించి చెప్పకు, రాబోయేదాని గురించి చెప్పు. ఆయన జవాబిస్తుంటే మాట వినకు, ఊపిరి విను." బాపు అంతా విని, "ఎవలు బిడ్డా ఈమె?" అన్నాడు. "నీ లెక్కనే, ఉపాధ్యక్షుని ఆఫీసు బాపూ" అన్నాను. "అట్లనా," అన్నాడు, ఆ గొంతులో గౌరవం వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. ఊళ్ళో చీకటి పడింది, ముసురు పట్టింది. బాపు ఫోన్ కలిపి చొక్కా జేబులో వేసుకుని గొంగడి కప్పుకుని మల్లయ్య మామ ఇంటి ఎదురుగా రాయి మీద కూర్చున్నాడు. మాకు వాన చప్పుడు, బాపు గొంతు. నేను ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాను. నోరీన్ కెటిల్ ఆపేసి, ఏమీ అర్థం కాకపోయినా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆంటీకి ఆఫీసు వేళ, ఆమె కాల్స్ ఆమెకున్నాయి. బల్లకు ఆ చివర వాళ్ళ భాషలో ఎవరో పెద్దావిడతో గొర్రెల సంగతి మాట్లాడుతోంది, బల్లకు ఈ చివర మా బాపు.

"బావా, నేనే. మైకుల జెప్పిన నోరు ఇదే. నీ ఎదురుంగ వచ్చి కూసున్న. తిట్టు." అన్నాడు బాపు. "మా అవ్వ నీకు మేనత్త గాదు? నీ పెండ్లికి బండి తోలింది నేను గాదు? వాగుల బండి ఇరిగితె పెండ్లిపిల్లను నా బుజం మీద ఒడ్డెక్కించిన, లచ్చక్కనడుగు." లచ్చత్త లోపల ఏడుస్తూ నవ్వడం మాకు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. బాపు లేవలేదు. నాట్ల సంగతి ఎత్తాడు. కూలోళ్ళు దొరకడం లేదన్నాడు, నీ మడి నేనే దున్నిపించిన అన్నాడు. "ఏ మడి?" అంది లోపల్నుంచి మామ గొంతు. "వాగు పక్కదా, తూము కింది..." అని ఆగిపోయింది. ఆ చిన్న వాక్యం పూర్తి చెయ్యడానికి ఊపిరి చాలలేదు. బాపు విన్నాడు, నేను విన్నాను. ఆంటీ ఒక చెవి హెడ్‌ఫోన్ పక్కకు జరిపింది. తెలుగు ముక్క రాకపోయినా ఆమె కూడా విన్నది. నా వైపు చూసి తల ఊపింది.

ఇప్పుడు మా బాపు పాత మనిషై "సస్తవు బావా" అంటాడేమోనని నేను పళ్ళు బిగించాను. బాపు మెల్లగా అన్నాడు. "బావా, కోతలప్పుడు నువ్వు గట్టు మీద నిలబడాలె. నేను కింద నిలబడి నీతోని తిట్లు తినాలె. దానికోసం బండి తెచ్చిన. తలకాయి దాకా కప్పుకో, ఎవ్వలు సూడరు. ఎన్క సీట్ల నువ్వు, ముందు సీట్ల నేను. మైకుల ఎవ్వలకు జెప్ప. పోయొద్దాం రా."

గడియ చప్పుడు ఇంత దూరానికి వినపడింది. పాత కర్ర గడియ, నా చిన్నప్పుడు దాన్నే పట్టుకుని ఊగేదాన్ని. బాపు జేబులోంచి ఫోన్ తీసి, ఏడుపు గొంతుతో "బిడ్డా, పోయొస్త" అన్నాడు. నోరీన్ లేచి నాకు టీ పోసింది. ఆమెకు ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆంటీ అప్పటికే ఇంకో కాల్‌లో ఉంది, వంశాలు చెప్తోంది.

మల్లయ్య మామ బతికాడు. ఆక్సిజన్ పెట్టారు, చాలా రోజులు పట్టింది, తిరిగొచ్చాడు. ఆయన ఇంటికొచ్చిన నాడు బాపు ఫోన్ చేసి, "ఆ ఆఫీసు అమ్మను పిలువు, నేనే మాట్లాడ్త" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వీడియోలో కూర్చున్నాడు. నేను ఉపసర్పంచ్‌ని అని మొదలుపెడతాడనుకున్నాను. కాదు. నన్నడిగి తెలుసుకున్నాడు కాబోలు, "మా అవ్వ పుట్టిల్లు గాజులోళ్ళు" అని మొదట తన తల్లి వైపు చెప్పాడు. తర్వాత బాపు తండ్రి ఇంటిపేరు, తల్లి తండ్రి వైపు, తండ్రి తండ్రి వైపు. తల్లి నుంచి మొదలుపెట్టమని తన బతుకులో ఎవరూ అడగలేదని నాతో తర్వాత అన్నాడు, రెండు పేర్లకు మా పెద్ద కాకకు ఫోన్ చేయాల్సి వచ్చిందట. ఆంటీ కళ్ళు మూసుకుని విన్నది. గాజులు అంటే ఏమిటని నన్నడిగింది. చెప్పాను. తన చేతి నీలిరాయి కడియం చూసుకుంది, తిప్పింది. "అయితే మనం చుట్టాలమే," అంది. వయసులడిగి, బాపు ఒక ఏడాది చిన్నవాడని తేల్చి, "తమ్ముడూ" అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పినప్పుడు బాపు ముఖం మీరు చూడాల్సింది. అక్కా అన్నాడు, రెండు చేతులూ జోడించాడు. నేను ఆ పూట నుంచి ఆంటీ అనడం మానేశాను. బాపుకు అక్క అయితే నాకు అత్త. ఈ దేశంలో కనిపించిన ప్రతి పెద్దమనిషీ నాకు ఆంటీనే, అత్త మాత్రం ఒక్కతే.

ఆకులు రాలే కాలంలో జీపీ సరేనన్నాక ఆమె వెళ్ళిపోయింది. మనవణ్ణి మొదటిసారి ఒళ్ళోకి తీసుకుని వాసన చూసి, బూడిద సీసా నా చేతిలో పెట్టి, గట్కలో వేసుకోమంది. వెళ్ళొస్తాను అనడం నేర్పాను, అదే అని వెళ్ళింది. ఇప్పుడు అందరికీ ఫోన్ ఉంది, ఎవరికీ వరుస లేదు. ఆఫీసులో నాతో రోజూ మాట్లాడే వాళ్ళ తల్లుల పేర్లు నాకు తెలియవు, ఎవరో పోతే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టేస్తాం. వెనకటి రోజులన్నీ బంగారమని నేను అనను, ఆ రోజుల్లోనే బోరింగ్ దగ్గర లచ్చత్త బిందెను జరిపారు. అయినా ఒక ప్రభుత్వం ముసలమ్మకు ఫోన్ చేసి, ముందు ఆమె ఎవరి బిడ్డో అడగడం నేను కళ్ళారా చూశాను. అంతకంటే గొప్ప ప్రభుత్వాన్ని నేను ఇంకోచోట చూడలేదు.

అత్త పేరు నేను ఇందులో ఎక్కడా రాయలేదు, గమనించే ఉంటారు. మరిచిపోయి కాదు. వాళ్ళ దగ్గర దీపం కొండెక్కినవాళ్ళ పేర్లు కొంతకాలం నోట పలకరు. పోయిన వారం నుంచి ఆమె పేరు ఆ వరుసలో చేరింది. "అయితే ఉంచుకో" అన్నప్పుడు ఆమె కూతురు నాకు చెప్పింది అదే.

ఫోన్ పెట్టేశాక గట్క వండాను. ఆ బూడిద చిటికెడు వేశాను. మా అమ్మాయి మారు మాట్లాడకుండా తిన్నది. తర్వాత బాపుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఉపసర్పంచ్ కాదు, ఏమీ కాదు, కళ్ళజోడు పెట్టుకుని మనవరాలి ఫొటోలు చూసుకునే ముసలాయన. విషయం ఎలా చెప్పాలో వండుతున్నంతసేపూ అనుకున్నాను. వానలు ఎట్లున్నయని అడిగాను. నాట్లు అయినయా అని అడిగాను. మల్లయ్య మామ ఎంతదూరం నడుస్తున్నడని అడిగాను. వాగు దాకా పోయి గట్టు మీద నిలబడి నన్ను తిట్టొచ్చిండు పొద్దుగాల, అన్నాడు బాపు నవ్వుతూ.

"బాపూ," అన్నాను, "అత్త బూడిద సీసా నన్నే ఉంచుకొమ్మన్నరు."

అటు నుంచి కళ్ళజోడు మడిచిన చప్పుడు వినపడింది.

"ఇంకేం జెప్పకు బిడ్డా," అన్నాడు బాపు. "బావకు నేను జెప్త. పోయి ఆ రాయి మీద కూసోని జెప్త."